అన్నీ నావే

సర్కారుకు సిగ్గు లేదని నేనంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. తెల్లవాళ్ళు పోయి ఎంతకాలమైందో, ఈ ముసలిదానికి ఇంకా కోపం తీరలేదంటారు. తీరలేదు, నిజమే. కోవిల్‌పట్టి కడవీధిలో, అంటే అంగళ్ళ బజారులో, నల్లమందు అంగడి పెట్టించింది సర్కారే. దానికి లైసెన్సు బోర్డు తగిలించింది సర్కారే. ఆ అంగడిలో కొన్న మందు దగ్గర ఉందని మా బొమ్మక్కను పట్టుకుపోయిందీ ఆ సర్కారే. ఇందులో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

బొమ్మక్క మా మామ, అంటే నా మొగుడి తండ్రి, నారాయణసామికి వరసకు అక్క. పెళ్ళంటే ఏమిటో తెలియని వయసులోనే మొగుడు పోయాడు. పిల్లాజెల్లా లేదు. మా పశువుల కొట్టం పక్క గదిలో ఉండేది. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆమె బొమ్మక్కే. ఎండలు ముదిరే మాసి, పంగుని నెలల్లో మా కరిసల్ నల్లరేగడి చేలల్లో పత్తి పగిలిందంటే ఆడవాళ్ళం ఎవరమూ ఇంట్లో ఉండేవాళ్ళం కాము. అరవదేశంలో స్థిరపడ్డ నాయుళ్ళ కోడళ్ళమని కాళ్ళు చాపుకుని కూర్చునే భాగ్యం మాకు లేదు, ఎండ మాడుతున్నా నడుము వంచి ఏరాల్సిందే. కూలికి వచ్చే ఆడవాళ్ళూ మా పక్క సాళ్ళలోనే ఉండేవాళ్ళు. పసిబిడ్డలు మాత్రం గట్టు మీద తుమ్మచెట్ల కింద, చీర ఉయ్యాలల్లో, బొమ్మక్క కాపలాలో ఉండేవాళ్ళు.

ఏరడానికి దిగే ముందు ప్రతి తల్లీ తన బిడ్డకు ఆవగింజంత నల్లమందు చనుబాలలో రంగరించి నాకించేది. బిడ్డ మధ్యాహ్నం దాకా పడుకునేది. ఇప్పుడు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. నా మనవలకు నేను ఆ మందు చూపించను కూడా లేదు. కానీ అప్పుడు గుక్కపట్టి ఏడ్చే బిడ్డను గట్టు మీద వదిలి సాలు పట్టుకోవాల్సిన మాకు ఇంకో దారి ఎవరూ చూపలేదు. అంగడి మాత్రం చూపించారు.

ఆ మందుకు మాలో ఒక కట్టుబాటు ఉండేది. ఒక బిడ్డ మందు ఇంకో బిడ్డ నోట్లో పడకూడదు. పడితే ఒకరి పీడ ఇంకొకరికి అంటుతుందని భయం. అందుకని ప్రతి తల్లీ తన బిడ్డ ఉయ్యాల చీర కొసన ఒక పీలిక చింపి, అందులో తన మందు ముడి వేసి బొమ్మక్క చేతికిచ్చేది. మధ్యలో బిడ్డ లేచి ఏడిస్తే తల్లిని పిలిచి ఆ తల్లి ముడే ఇచ్చేది ఆమె. ముడులన్నీ ఒక తగరపు డబ్బాలో ఉయ్యాలల కింద ఉండేవి. నా ముడి నీలం రంగు పీలిక.

ఇంకో కట్టుబాటు ఉంది, మా కష్టమంతా దాని వల్లే వచ్చింది. కొత్తమనిషి ఎవరైనా వచ్చి ఉయ్యాలలోకి తొంగిచూసి ఈ బిడ్డ ఎవరిదని అడిగితే తల్లి పేరు చెప్పకూడదు. దిష్టి తగులుతుంది. బిడ్డ ఎవరి కాపలాలో ఉంటే వాళ్ళు తమదేనని చెప్పాలి. బిడ్డకు సంబంధించిన పాలయినా, గుడ్డయినా, మందయినా అదే మాట. దారినపోయేవాళ్ళకు బొమ్మక్క ఎప్పుడూ చెప్పే జవాబు ఒక్కటే, అన్నీ నావే అని. జుట్టు నెరిసిన వితంతువు పది ఉయ్యాలలను చూపించి అన్నీ నావే అంటుంటే మా ప్రాంతం వాళ్ళెవరూ నవ్వేవాళ్ళు కాదు, అర్థం చేసుకుని ముందుకు పోయేవాళ్ళు.

ఆ పంగునిలో వచ్చినవాడు మా ప్రాంతం వాడు కాదు. ఉప్పుకూ సారాకూ నల్లమందుకూ కలిపి ఒకడే అధికారి ఉండేవాడు, ఊళ్ళో సాల్టు ఇన్‌స్పెక్టరు అనేవాళ్ళం. తంజావూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. బంట్రోతులను వెంటేసుకుని సైకిలు మీద వచ్చి గట్టున దిగాడు. పిల్లలెవరివని బొమ్మక్కను అడిగాడు. ఆమె ఎప్పటి జవాబే చెప్పింది. డబ్బా తెరిపించాడు. ఈ ముడులెవరివని అడిగాడు. దానికీ అదే జవాబు చెప్పింది. అంతే, వాడికి పండగైపోయింది. ముడులన్నీ విప్పించి, మందంతా ఒక ముద్ద చేసి తూకం వేయించాడు. ఒక మనిషి దగ్గర ఇంతకు మించి ఉండకూడదని సర్కారు పెట్టిన హద్దు ఉంది, ముద్ద ఆ హద్దు దాటింది. అమ్మకానికి దాచిన నల్లమందు అని కాగితం రాశాడు. మేము సాళ్ళలోంచి పరుగెత్తుకొచ్చేసరికి బొమ్మక్కను బండెక్కించేశారు. ఆమె మమ్మల్ని చూసి నోరు తెరవొద్దని చెయ్యి ఊపింది.

మా మామ జామీను ఇచ్చి ఆమెను ఇంటికి తెచ్చాడు. ఆయన చెడ్డవాడని నేననను. అక్క అంటే ఆయనకు ప్రాణం. కానీ పరువంటే ప్రాణం కంటే ఎక్కువ. కోవిల్‌పట్టి వక్కీలు తప్పు ఒప్పేసుకుని జుల్మానా కట్టేస్తే ఒక్క పూటలో తేలిపోతుందన్నాడట. మామ దానికి సరే అనేశాడు. బొమ్మక్క ఒప్పుకోలేదు. అన్నం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా, తమ్ముడి మొహంలోకి చూసి చెప్పింది.

"నేను మందు అమ్మినానని ఒప్పుకుంటే రేపు నా చేతికి బిడ్డనెవురు ఇస్తారురా? బిడ్డలు లేని దాన్ని. ఆ ఉయ్యాలలు పోతే నాకేముండాది?"

మామ మాట మార్చాడు. మరి ముడులు ఎవరివో కోర్టులో చెప్పమన్నాడు. అది చెప్పనంది. చెబితే పసిబిడ్డల పేర్లు పదిమందిలో ఎత్తినట్టవుతుంది. తల్లులం మేము వచ్చి చెబుతామంటే మామ గుడ్లురిమాడు. తన ఇంటి కోడలు కచేరీ మెట్టెక్కి అరవంలో సాక్ష్యం చెప్పే రోజు వస్తే ఆ రోజు తాను ఊళ్ళో ఉండనన్నాడు. ఇక మిగిలింది జైలే. ఆమె జైలుకైనా పోతుంది, అమ్మినానని మాత్రం అనదు. ఆ రాత్రి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఆమె తప్పేముంది ఇందులో? మా బిడ్డలను కాచినందుకు ఆమె ఊచలు లెక్కబెట్టాలా?

మర్నాడు పుట్టింటికి పోతానని మామకు చెప్పి విరుదునగర్ రైలెక్కాను. మామ ఆ ఊరిని ఇంకా పాత పేరుతో విరుదుపట్టి అనేవాడు. నా మొగుడు రంగప్ప స్టేషను దాకా వచ్చాడు. నేను ఎందుకు పోతున్నానో ఆయనకు తెలుసు, తెలియనట్టు నిలబడ్డాడు. తండ్రి ముందు నోరు పెగలని మనిషి ఆయన. చంకలో నా బిడ్డ కుప్పమ్మ ఉంది. నా మొదటి బిడ్డ పురుడు దాటకుండానే పోయింది. అందుకని దీన్ని పుట్టగానే చెత్తకుప్ప మీద దొర్లించి, ఎవరికీ అక్కర్లేని బిడ్డ అన్నట్టు ఆ పేరు పెట్టారు. నేను దాన్ని నా నోటితో నా బిడ్డ అని ఒక్కనాడూ అనలేదు. అంత భయం నాకు.

మా అన్న మునుసామి విరుదునగర్ పత్తి ప్రెస్సులో పని చేసేవాడు. అతనే నన్ను పొన్నయ్య వక్కీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కచేరీ మిరపకాయల గోదాము మీద మేడ. అక్కడికొచ్చిన కక్షిదారులందరూ కళ్ళనీళ్ళతోనే గోడు చెప్పుకుంటారు, దుఃఖానికి కాదు, ఘాటుకు. నేనూ తుమ్ముతూ, ముక్కు చీదుకుంటూ మొత్తం చెప్పాను. ఆయన అడ్డం రాకుండా విన్నాడు. పీలికలు ఏమయ్యాయని ఒక్క ప్రశ్న అడిగాడు. ఇన్‌స్పెక్టరు డబ్బాతో సహా వాటినీ మూటగట్టి సీలు వేశాడని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

చట్టంలో ఒక వంకర ఉందని ఆయన నాకు విడమరిచి చెప్పాడు. మిగతా కేసుల్లో తప్పు చేశావని సర్కారు రుజువు చేయాలి. నల్లమందు దగ్గర దొరికితే మాత్రం అదెలా వచ్చిందో దొరికినవాళ్ళే చెప్పుకోవాలి. బొమ్మక్క నోరు విప్పదు కాబట్టి ఆమె తరఫున ఎవరో ఒకరు చెప్పాలి. ముడి ఒక్కొక్కటీ ఒక్కో తల్లిదని తేలితే ఎవరి మందూ హద్దు దాటదు. ఉయ్యాల చీరలు తీసుకురండి, పీలిక చిరుగు చీర చిరుగుతో కలిస్తే చాలు అన్నాడు. అయితే చీర తనంతట తాను నడిచి రాదు, తల్లి తేవాలి. ఇంట్లో ఒప్పుకోరని చెప్పాను.

"ఒప్పుకోమని నేను అడగలే అమ్మా, రమ్మని అడిగినా," అన్నాడు. ఆయన తెలుగు అంతంతమాత్రం, కానీ ఆ మాట నాకు బాగా ఎక్కింది.

ఊరికి తిరిగొచ్చి సాలు సాలుకూ తిరిగి అందరికీ చెప్పాను. చిన్నతాయి వస్తానంది, మళ్ళీ రానంది. ఒకత్తె మొగుడు కాళ్ళిరగ్గొడతానన్నాడు. కూలికొచ్చే పంచవర్ణం మాత్రం ఏరుతున్న పత్తి ఒడిలో వేసుకుంటూ, ఏ రోజని మాత్రమే అడిగింది. ఆమె ఉయ్యాల మా వాళ్ళ వాటికి ఎడంగా గట్టు చివర కట్టేవాళ్ళు. అలా ఎడంగా కట్టమన్నది పెద్దలు. బొమ్మక్క చూపు మాత్రం అన్నిటి మీదా ఒక్కలాగే ఉండేది.

వాయిదా రోజు మామ తెల్లవారకముందే గుర్రబ్బండిలో బొమ్మక్కను తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కుప్పమ్మను ఎత్తుకుని, నీలం చీర మడిచి చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి రంగప్ప ఎడ్లబండి కట్టి నిలబడి ఉన్నాడు. ఎక్కమని తల ఊపాడు. వీధి దాటేలోపు చిన్నతాయి వచ్చి ఎక్కింది. కాళ్ళిరగ్గొడతానన్న వాడి పెళ్ళామూ ఎక్కింది, మిగిలిన తల్లులు చంటిబిడ్డలతో బండి వెనక నడిచారు. ఊరి చివర పంచవర్ణం మాకోసం కాచుకుని ఉంది. మా బండిలో ఆమెను ఎక్కించుకోవడం అదే మొదలు.

కోవిల్‌పట్టి మేజిస్ట్రేటు కోర్టు అంటే పెద్ద మేడ అనుకున్నాను. పెంకుటిల్లు. మేజిస్ట్రేటు వయసు మళ్ళిన మనిషి, మాటిమాటికీ కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. పొన్నయ్య పొద్దుటి రైలుకు వచ్చి ఉన్నాడు. మామ పెట్టిన వక్కీలును తనకొద్దని, నేను చెప్పిన విరుదునగర్ ఆయనే కావాలని బొమ్మక్క అంతకు ముందే మేజిస్ట్రేటుకు చెప్పేసింది. మామ వెనక బల్ల మీద కూర్చుని, వసారాలో పసిబిడ్డలతో నిలబడ్డ మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆయన మొహం జేవురించడం అంత దూరం నుంచే కనబడింది.

ఇన్‌స్పెక్టరు బోనులో నిలబడి గడగడా అప్పజెప్పాడు. మందు దొరికింది, తూచాను, ఎవరిదని అడిగాను, తనదేనని ముద్దాయి ఒప్పుకుంది. మేజిస్ట్రేటు అంతా రాసుకున్నాడు. పొన్నయ్య లేచి, మందు సంగతి అడగడానికి ముందు ఇంకేమైనా అడిగారా అన్నాడు. ఇన్‌స్పెక్టరు పిల్లలెవరివని అడిగానన్నాడు. దానికేం చెప్పిందన్నాడు పొన్నయ్య. ఇన్‌స్పెక్టరు మేజిస్ట్రేటు వైపు చూశాడు. చెప్పమని ఆయన అన్నాడు. అన్నీ నావే అంది అని చెప్పాడు.

"అన్నీ చంటిబిడ్డలేనా?" అన్నాడు పొన్నయ్య.

"అవును."

"ముద్దాయి జుట్టు చూడండి. ఆ ఉయ్యాలల్లోని బిడ్డలందరినీ ఈమె ఈ ఏడే కన్నదని కూడా మీ కాగితంలో రాసినారా? ఒక మాట నమ్మి ఇంకో మాట ఎందుకు వదిలేసినారు?"

హాలంతా నవ్వింది. బంట్రోతు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. అంతా అయిపోయిందని, గెలిచేశామని నేననుకున్నాను. అప్పుడు మేజిస్ట్రేటు కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మక్కను సూటిగా అడిగాడు, మెత్తగానే అడిగాడు. ఆ ముడులు నీవా, ఆ తల్లులవా? నిజం చెప్పేస్తే పంపించేస్తానన్నాడు.

బొమ్మక్క చుట్టూ చూసింది. తెలియని మొహాలు, నవ్వుతున్న మొహాలు, పసిబిడ్డల కేసి తొంగిచూస్తున్న మొహాలు. మా వైపు మాత్రం చూడలేదు.

"నావే సామీ," అంది.

పొన్నయ్య తల పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు నిట్టూర్చి కలం తీశాడు. ఆ కలం కాగితం మీద పడితే ఇక ఆమె ఉయ్యాలలు ఆమెకుండవు. నాకు పోయిన బిడ్డ గుర్తొచ్చింది. ఇంతమంది కళ్ళ ముందు ఈ బిడ్డను నాదంటే దీనికేమవుతుందో అనిపించింది. కానీ బొమ్మక్క తన జీవితాన్నంతా తాకట్టు పెట్టి దాస్తున్నది నా భయాన్నే. ఒకరి భయానికి ఇంకొకరు జైలుకు పోవడమేమిటి? గడప దాటి లోపలికి నడిచాను.

"ఆ నీలం పీలిక నాది. ఇదిగో చీర. ఈ బిడ్డ నాది, పేరు కుప్పమ్మ, నేను కన్న బిడ్డ," అన్నాను. అరవంలోనే అన్నాను, మామకు కూడా వినబడేలా అన్నాను.

పుష్పం అని నన్ను పేరు పెట్టి పిలిచి, నోరు మూయమని బొమ్మక్క బోనులోంచి అరిచింది. నేను మూయలేదు. చీర విప్పి బల్ల మీద పరిచాను. బంట్రోతు సీలు విప్పి నీలం పీలిక తీశాడు. చిరుగుకు చిరుగు ఆనించి పెడితే దారం కూడా తప్పకుండా కలిసింది. మామ లేచి బయటికి వెళ్ళిపోవడం కంటి చివర కనబడింది. పోనీ అనుకున్నాను.

రెండో మనిషి పంచవర్ణం. ఆమెది చీర పీలిక కూడా కాదు, మొగుడి తలపాగా ముక్క. తలపాగాతో సహా వచ్చింది. ఆ తర్వాత చిన్నతాయి, ఆ వెనక మిగిలినవాళ్ళు. బంట్రోతు వరసగా రమ్మంటే ఎవరూ వినలేదు. బిడ్డలు ఏడుపు లంకించుకున్నారు. ప్రతి ఒక్కతీ బిడ్డను చూపించింది, పేరు చెప్పింది, తను కన్నదని చెప్పింది. అన్నాళ్ళు కడుపులో దాచుకున్న మాట అది. ఒక్కసారి బయటికొచ్చాక ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మేజిస్ట్రేటు ఆ మధ్యాహ్నమే తీర్పు చెప్పాడు. ముందు మమ్మల్ని తిట్టాడు. బిడ్డలకు మత్తు పెట్టే తల్లులు ఎక్కడైనా ఉంటారా అన్నాడు. ఆ తిట్టు నేను తల వంచుకుని పడ్డాను, అందులో నిజం ఉంది కాబట్టి. అంగడి తెరిచినవాళ్ళను కూడా ఒక మాట అంటాడేమోనని చూశాను, అనలేదు. తర్వాత, మందు తల్లులదనీ, ఎవరిదీ హద్దు దాటలేదనీ, ముద్దాయి ఉత్త కాపలాదారనీ చెప్పి కేసు కొట్టేశాడు. పట్టుకున్న సరుకు వెనక్కి ఇచ్చేయమన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆ నల్లటి ముద్దను ఆకులో పెట్టి బొమ్మక్క ముందు పట్టుకున్నాడు. ఆమె బోను దిగి వచ్చి దాన్ని చూసింది. చెయ్యి చాపలేదు. తీసుకోమని మేజిస్ట్రేటు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వేరువేరుగా ఉన్నింది. కలిపింది ఈయన. ఇప్పుడిది ఏ బిడ్డదీ గాదు. ఈయనదే. ఈయన్నే ఉంచుకోమనండి."

పొన్నయ్య లేచి వినయంగా, అంత మందు దగ్గర ఉంచుకోవడానికి ఇన్‌స్పెక్టరు గారికి లైసెన్సు ఉందా అని అడిగాడు. ఇన్‌స్పెక్టరు ముద్దను బల్ల మీద పెట్టేసి చేతులు జేబురుమాలుకు తుడుచుకున్నాడు. ఎవరూ దాన్ని ముట్టలేదు. మేము బయటికి వచ్చేసేటప్పటికి అది అక్కడే ఉంది, మేజిస్ట్రేటు దాన్ని ఎవరి పేర రాయాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

బండిలో బొమ్మక్క దారిపొడుగునా మమ్మల్ని తిట్టింది. అంతమందిలో పేర్లెత్తిన బుద్ధిలేని ముండలమంది. ఇంటికి చేరగానే ఉప్పూ మిరపకాయలూ తీసి బిడ్డలందరికీ దిష్టి తీసింది, పంచవర్ణం బిడ్డను కూడా మా వాకిట్లోకే పిలిపించి తీసింది. మామ ఊరు వదిలిపోలేదు గానీ వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. నేను వండింది మాత్రం తిన్నాడు. నాకదే చాలనుకున్నాను. కుప్పమ్మకు ఏమీ కాలేదు. ఇప్పుడు దానికే మనవలున్నారు.

మరుసటి ఏడు పంగునిలో ఆ ఇన్‌స్పెక్టరు మళ్ళీ మా చేను పక్కగా వచ్చాడు. అవే తుమ్మచెట్లు, అవే ఉయ్యాలలు, కింద అదే తగరపు డబ్బా. ఈసారి పంచవర్ణం కొత్త బిడ్డ ఉయ్యాల మా ఉయ్యాలల నడుమనే ఉంది. వాడు సైకిలు ఆపి ఒక కాలు నేల మీద ఆనించి, పిల్లలెవరివని అడిగాడు, పాత అలవాటు కాబోలు. సాళ్ళలో మేమందరం నడుములెత్తి నిలబడ్డాం. బొమ్మక్క ఉయ్యాల ఊపడం ఆపలేదు, వాడి వైపు తిరిగి కూడా చూడలేదు.

"అన్నీ నావే," అంది.

వాడు డబ్బా వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూశాడు. ఇంకో ప్రశ్న అడగలేదు. సైకిలెక్కి వచ్చిన దారినే పోయాడు.